టిక్ టిక్ చప్పుడు ట్యాపెట్‌దా, మానిఫోల్డ్‌దా? పాత బండి నట్లు విప్పకముందే తేల్చుకోవాల్సిన సంగతులు

పదిహేనేళ్లు దాటిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్ అని మొదలుపెట్టి, నాలుగు వీధులు తిరిగేసరికి తగ్గిపోతోందంటే చాలామంది ఆ నేరాన్ని ట్యాపెట్ మీదకే, అంటే ఇంజన్ వాల్వుల్ని తెరిచే భాగం మీదకే తోసేస్తారు. ట్యాపెట్ సెట్టింగ్ చేయిస్తారు, ఆయిల్ మారుస్తారు, ఇంకాస్త చిక్కటి ఆయిల్ పోయిస్తారు, అయినా చప్పుడు ఎక్కడికీ పోదు. అప్పుడు ఎవరో ఒకరు "మానిఫోల్డ్ ప్యాకింగ్ కాలిపోయిందేమో, ఒకసారి విప్పి చూద్దాం" అంటారు. మానిఫోల్డ్ అంటే సిలిండర్ల నుంచి వచ్చే ఎగ్జాస్ట్ గ్యాస్‌ని కలిపి సైలెన్సర్ పైపు వైపు పంపే భాగం. అది ఇంజన్ పైభాగమైన హెడ్‌కి ఆనేచోట గ్యాస్ బయటికి పోకుండా వేసేది ప్యాకింగ్. పాత బండికి అన్నిటికంటే ఖరీదైన పరీక్ష అదే, విప్పి చూడటం.

ఎందుకంటే ఆ నట్లూ, అవి బిగిసే మర కడ్డీలైన స్టడ్లూ అన్నేళ్లపాటు ఎర్రగా కాగుతూ, చల్లారుతూ, తుప్పు పడుతూ వచ్చినవి. స్పానర్ వేసి లాగితే నట్టు కదలడం కంటే స్టడ్ తెగడమే తేలిక. తెగిన ముక్క అల్యూమినియం హెడ్‌లో ఇరుక్కుంటే కొన్ని వందల రూపాయల ప్యాకింగ్ పని కాస్తా లేత్ షాపుకి, ఒక్కోసారి హెడ్ దింపేదాకా వెళ్తుంది. ఇంతా చేశాక చప్పుడు అసలు మానిఫోల్డ్‌ది కాదని తేలితే ఆ ఖర్చుకి అర్థమే లేదు. అందుకే గ్యాస్ ఎక్కడ లీకవుతోందో, అసలు లీకవుతోందో లేదో, నట్టు మీద స్పానర్ పెట్టకముందే రుజువు చేసుకోవాలి. ఆ రుజువుకి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, ఓ గజం రబ్బరు పైపు, సబ్బు నీళ్లు, టార్చిలైటు, కొంచెం ఓపిక ఉంటే చాలావరకు సరిపోతుంది.

ముందు ఈ లీకు ఎలా పుడుతుందో చూద్దాం, అది అర్థమైతే పరీక్షలు వాటంతటవే అర్థమవుతాయి. పాత బండ్లలో ఎక్కువ మానిఫోల్డ్‌లు పోత ఇనుముతో చేసినవి. పోత ఇనుము వేడికి మీటరుకి, డిగ్రీకి సుమారు 11 మైక్రాన్లు సాగుతుంది. 40 సెంటీమీటర్ల పొడవున్న మానిఫోల్డ్ 30 డిగ్రీల నుంచి 580 డిగ్రీలకి వేడెక్కితే దాదాపు 2.4 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. అది బిగించి ఉన్న అల్యూమినియం హెడ్ సాగే గుణం దీనికి రెట్టింపే, కానీ దాన్ని నీళ్లు చల్లబరుస్తుంటాయి కాబట్టి 110 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే అది పెరిగేది 0.7 మిల్లీమీటర్లు. అంటే రెండిటి మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్లకి పైనే తేడా, అదీ బండి వేడెక్కిన ప్రతిసారీ, చల్లారిన ప్రతిసారీ. మానిఫోల్డ్ హెడ్ మీద జారాలి, జారడానికే చాలా మానిఫోల్డ్‌లకి చివరి బోల్టు రంధ్రాలు కాస్త పెద్దవిగా చేస్తారు. తుప్పు పట్టో, ఎవరో ఎక్కువ బలంతో బిగించడం వల్లో అది జారలేకపోతే ఆ ఒత్తిడి మూడు చోట్ల ఎక్కడో ఒకచోట బయటపడాలి: చివరి స్టడ్ తెగుతుంది, ఫ్లాంజ్ (మానిఫోల్డ్‌లో హెడ్‌కి ఆనే చదునైన అంచు) వంగుతుంది, లేదా పోత పగులుతుంది. జరుపు మధ్యలో తక్కువ, చివర్లలో ఎక్కువ. అందుకే తెగిన స్టడ్ దాదాపు ఎప్పుడూ మొదటి లేదా చివరి సిలిండర్ దగ్గరే కనిపిస్తుంది, వెతకడం కూడా అక్కడినుంచే మొదలుపెట్టాలి.

ఇది ఒక్క మన బండ్ల గొడవే కాదు. అమెరికాలో ఫోర్డ్ 5.4 లీటర్ల ట్రైటాన్ ఇంజన్లు చివరి స్టడ్లు తెగడానికి పేరుపడ్డాయి. 1990ల జీప్ 4.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్లలో మానిఫోల్డ్ స్టీలు గొట్టాలతో చేసింది, అది గొట్టాలన్నీ కలిసేచోట వెల్డింగ్ పక్కన పగిలేది. లోహం మారినా, పగిలే చోటు మాత్రం సాగడానికి వీల్లేకుండా బిగుసుకుపోయిన చోటే.

వేడి ఒక్కటే కారణం అనుకుంటే మాత్రం సగం సంగతే తెలిసినట్టు. సైలెన్సర్‌ని పట్టుకుని వేలాడే రబ్బర్లు తెగిపోయి ఉంటే ఆ పైపు బరువంతా, ప్రతి గుంతలో దాని ఊపుతో సహా, మానిఫోల్డ్ మీద పడుతుంది. ఇంజన్ మౌంటింగ్‌లు అరిగి ఇంజన్ ఊగుతుంటే కూడా ఇదే కథ. వర్షాకాలంలో రోడ్డు మీద నిలిచిన నీళ్లు కాగుతున్న పోత మీద చిమ్మడం, హైవే మీద వంద కిలోమీటర్లు తోలుకొచ్చిన బండిని నేరుగా వాటర్ సర్వీసింగ్‌కి పెట్టి ఇంజన్ మీద ప్రెషర్ గన్ కొట్టించడం, ఇవి పోత ఇనుముకి నేరుగా హాని చేస్తాయి. పెట్రోల్ బండిలో ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం, వెనక్కి పోయి ఉంటే మంట ఆలస్యంగా మండి, ఆ వేడి సిలిండర్‌లో పనిచేయాల్సింది పోయి ఎగ్జాస్ట్‌లోకి వెళ్తుంది. అలాంటి బండిలో ప్యాకింగ్ ఎన్నిసార్లు మార్చినా ఏడాది తిరక్కుండా మళ్లీ పోతుంది, అప్పుడు ప్యాకింగ్ నాసిరకమని అనుకుంటారు.

ఇక చప్పుడు. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకి ఒకసారి ఎగ్జాస్ట్ వదులుతుంది. 900 ఆర్‌పీఎం దగ్గర ఐడ్లింగ్‌లో ఉంటే ఒక సిలిండర్ లీకు నిమిషానికి 450 సార్లు, సెకనుకి ఏడెనిమిది సార్లు టిక్ అంటుంది. ట్యాపెట్ కూడా సరిగ్గా ఇదే లెక్కన కొట్టుకుంటుంది, ఎందుకంటే దాన్ని నడిపే క్యామ్‌షాఫ్ట్ కూడా ఇంజన్ వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది. కాబట్టి చప్పుడు వేగం విని "ఇది ట్యాపెట్టే" అని చెప్పడం కుదరదు. ఎంత అనుభవం ఉన్నా కుదరదు, రెండూ ఒకే లయ.

తేడా లోడ్‌లో తెలుస్తుంది. ట్యాపెట్ చప్పుడు ఆర్‌పీఎంతో వేగం పెంచుకుంటుంది గానీ ఇంజన్ బరువు లాగుతోందా ఊరికే తిరుగుతోందా అన్నది దానికి పెద్దగా పట్టదు. లీకు అలా కాదు, సిలిండర్‌లో ఒత్తిడి పెరిగితే అదీ పెరుగుతుంది. ఖాళీగా ఉన్న ప్రహరీ గోడ పక్కనో, ఫ్లైఓవర్ సైడ్ వాల్ పక్కనో అద్దాలు దించి, మూడో గేరులో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్ తొక్కి చూస్తే గోడకి తగిలి వచ్చే చప్పుడులో ఇది బాగా వినిపిస్తుంది. తొక్కినప్పుడు టప్ టప్ అని పెద్దదై, కాలు తీయగానే దాదాపు మాయమైతే లీకు వైపే మొగ్గాలి.

ఇంకో తేడా, చప్పుడు తగ్గడానికి పట్టే సమయం. హైడ్రాలిక్ ట్యాపెట్లు (ఆయిల్ ప్రెషర్‌తో సందుని తామే సర్దుకునేవి) ఉన్న ఇంజన్లలో ఆయిల్ ప్రెషర్ అందగానే, అంటే కొన్ని సెకన్లలో, మహా అయితే ఒకటి రెండు నిమిషాల్లో చప్పుడు పోతుంది. మానిఫోల్డ్ పగులు మూసుకోవాలంటే ఇనుము కాగి సాగాలి, దానికి ఐదు పది నిమిషాలు పడుతుంది. చిన్న లీకులు ఇంకో రకంగానూ మోసం చేస్తాయి: సందులో మసి పేరుకుని కొన్నాళ్లు చప్పుడే ఉండదు, మళ్లీ ఓ రోజు ఆ మసి ఊడిపోయి మొదటికొస్తుంది. "మధ్యలో బాగానే ఉంది కదా" అని దాన్ని కొట్టిపారేయకూడదు.

మెకానిక్‌లు పొడవాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి వినే పద్ధతి అందరికీ తెలిసిందే. అది లోహం గుండా వచ్చే చప్పుడుకి అద్భుతంగా పనిచేస్తుంది, గాలిలో వచ్చే చప్పుడుకి అంత కాదు. లీకు చప్పుడు గాలిలో వచ్చేది. కాబట్టి రెండు పనిముట్లూ కలిపి వాడాలి. ట్యాపెట్ కవర్ మీద స్క్రూడ్రైవర్ పెట్టినప్పుడు టిక్ టిక్ గట్టిగా చెవిలో పడితే ట్యాపెట్. స్క్రూడ్రైవర్‌లో అంతంతమాత్రంగా ఉండి, అర అంగుళం రబ్బరు పైపు ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని రెండో కొస మానిఫోల్డ్ ఫ్లాంజ్ వెంట నడిపిస్తే ఒకచోట హఠాత్తుగా ఫట్ ఫట్ అని కొడితే అక్కడ లీకు ఉంది. ఇది ఇంజన్ చల్లగా ఉండగా, స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు నిమిషాల్లోనే చేయాలి. ఫ్యాన్ బెల్టు దగ్గరకి పైపు గానీ, చొక్కా చేతులు గానీ పోకుండా చూసుకోవాలి. గ్యారేజీకి బండిని వేడిగా తోలుకెళ్లి "చప్పుడు వస్తోంది చూడన్నా" అంటే అక్కడ చప్పుడే ఉండదు. రాత్రి బండి అక్కడే వదిలేసి, పొద్దున మొదటి స్టార్ట్ మెకానిక్ ముందే చేయించడం మేలు.

తర్వాతి పరీక్ష సిలిండర్ కట్ చేసి చూడటం. పాత కార్బురేటర్ పెట్రోల్ బండిలో ఇంజన్ ఆపి, ఒక ప్లగ్ వైర్ తీసి, దానికి ఇంకో ప్లగ్ తగిలించి ఆ ప్లగ్‌ని ఇంజన్ లోహానికి గట్టిగా తాకేలా కట్టి, పెట్రోల్ వాసన ఏమీ లేదని చూసుకుని మళ్లీ స్టార్ట్ చేయాలి. వైర్‌ని గాలిలో వదిలేస్తే కాయిల్ దెబ్బతినే ప్రమాదం ఉంది, మనిషికి షాక్ కూడా. ఎంపీఎఫ్ఐ బండ్లలో, అంటే ఒక్కో సిలిండర్‌కి ఇంజెక్టర్‌తో పెట్రోల్ పంపే వాటిలో, ప్లగ్ వైర్ జోలికి పోకుండా ఆ సిలిండర్ ఇంజెక్టర్ కనెక్టర్ తీయడం మంచిది, లేకపోతే మండని పెట్రోల్ ఎగ్జాస్ట్ గ్యాస్‌ని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. పాత తరహా డీజిల్ పంపు బండ్లలో ఇంజెక్టర్ పైపు యూనియన్ నట్టు కాస్త వదులు చేసి చూస్తారు. కామన్ రైల్ డీజిల్ బండిలో (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే అధిక ఒత్తిడి గొట్టం నుంచి డీజిల్ అందేది) మాత్రం ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఆ లైన్‌లో ఒత్తిడి వెయ్యి బార్‌కి పైగా పోగలదు, సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

సిలిండర్ కట్ చేసినప్పుడు టిక్ టిక్ తగ్గిపోతే ఆ చప్పుడు ఆ సిలిండర్‌లో మంట ఒత్తిడితో ముడిపడి ఉందని అర్థం. అంతవరకే అర్థం. ట్యాపెట్ అయితే కట్ చేసినా అలాగే కొట్టుకుంటుంది కాబట్టి ట్యాపెట్‌ని లెక్కలోంచి తీసేయొచ్చు, కానీ పిస్టన్ స్లాప్ (పిస్టన్ సిలిండర్ గోడకి తగిలి కొట్టుకోవడం) కూడా, కనెక్టింగ్ రాడ్ బేరింగ్ చప్పుడు కూడా సిలిండర్ కట్ చేస్తే తగ్గుతాయి. పిస్టన్ స్లాప్ అయితే మరీ మోసకారి, అది కూడా చల్లగా ఉన్నప్పుడే వచ్చి వేడెక్కాక పోతుంది. ఎంతోమంది బోర్ పని దాకా, అంటే ఇంజన్ దించి సిలిండర్లు సరిచేయించడం దాకా వెళ్లిపోయేది ఇక్కడే, ఇంజన్ దించాక మానిఫోల్డ్ వెనక మసి కనిపిస్తుంది. అందుకే వినికిడి పరీక్ష ఒక్కదాని మీద నిర్ణయం తీసుకోకూడదు, గ్యాస్ బయటికి వస్తున్నట్టు కళ్లకి కనపడే రుజువు ఇంకొకటి తోడవ్వాలి.

ఆ కళ్లకి కనపడే రుజువుల్లో మొదటిది మసి. మానిఫోల్డ్ మీద ఉండే రేకు కవర్, అదే హీట్ షీల్డ్, తీసి చూడాలి (దాని బోల్టులూ తెగొచ్చు, ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచాలి). ఫ్లాంజ్, హెడ్ కలిసే గీత దగ్గర విసనకర్ర ఆకారంలో నల్లగా పరుచుకున్న మసి ఉంటే ప్యాకింగ్. ఫ్లాంజ్‌కి దూరంగా, రెండు గొట్టాలు కలిసే మూలలోనో, రెండు పోర్టుల మధ్యనో సన్నటి గీతలా మసి ఉంటే పగులు. డీజిల్‌లో మసి నల్లగా, స్పష్టంగా ఉంటుంది. పెట్రోల్‌లో ఒక్కోసారి బూడిద రంగులోనో తెల్లగానో ఉండి కంటికి ఆనదు, అద్దం పెట్టి టార్చి వేసి అడుగు భాగం కూడా చూడాలి, ఎందుకంటే పగులు పైకి కనిపించే వైపే రావాలన్న నియమం లేదు. అదే చూపులో నట్లు లెక్కపెట్టాలి. ఎనిమిది ఉండాల్సిన చోట ఏడు ఉంటే సగం జవాబు దొరికినట్టే. డీజిల్ బండ్లలో ఇంజెక్టర్ కింది వాషర్ లీకైనా ఇలాంటి చప్పుడే వస్తుంది, కానీ దాని గుర్తు వేరు, ఇంజెక్టర్ చుట్టూ తారులా గట్టిపడిన నల్లటి పదార్థం పేరుకుంటుంది. పెట్రోల్‌లో వదులైన స్పార్క్ ప్లగ్ కూడా ఇలాగే ఫట్ ఫట్ అంటుంది, దాన్ని బిగించి చూడటానికి రెండు నిమిషాలు చాలు, అది మొదటే చేసేయాలి.

రెండోది సబ్బు నీళ్ల పరీక్ష. నమ్మదగ్గది, చవకైనది, అయినా గ్యారేజీల్లో చాలా తక్కువ మంది చేస్తారు. ఇంజన్ పూర్తిగా చల్లారి, ఆపి ఉండాలి. గాలి బయటికి ఊదే వ్యాక్యూమ్ క్లీనర్‌నో, చిన్న బ్లోయర్‌నో సైలెన్సర్ కొసకి గుడ్డతో బిగించి గాలి పంపాలి. ఒత్తిడి ఎక్కువ అక్కర్లేదు, లారీ టైర్లకి పట్టే కంప్రెసర్ గాలిని నేరుగా వదలకూడదు. ఇప్పుడు చిక్కటి సబ్బు నీళ్లు స్ప్రే సీసాతో ఫ్లాంజ్ గీత వెంట, గొట్టాల మూలల్లో, ఆక్సిజన్ సెన్సర్ మర దగ్గర, మానిఫోల్డ్‌కి పైపు కలిసే జాయింటు దగ్గర కొట్టుకుంటూ పోవాలి. లీకున్న చోట బుడగలు వస్తాయి. ఆ చోటుని సుద్దతో గుర్తుపెట్టుకోవాలి. కొంత గాలి తెరిచి ఉన్న వాల్వుల గుండా ఇన్‌టేక్ వైపు పోతుంది, అది మామూలే. బ్లోయర్ దొరక్కపోతే చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేసి ఒకరు సైలెన్సర్ కొసకి మందపాటి తడిగుడ్డని కొద్ది సెకన్లు అడ్డం పెడితే ఇంకొకరు మానిఫోల్డ్ దగ్గర వినొచ్చు, లోపలి ఒత్తిడి పెరిగి సుయ్‌మనే చప్పుడు పెద్దదవుతుంది. ఆరుబయట మాత్రమే చేయాలి. షెడ్డులో తలుపులేసుకుని చేసే పని కాదు.

ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉన్న బండ్లలో ఇంకో సాక్షి ఉంటుంది. ఎగ్జాస్ట్ గ్యాస్ ఒకే ప్రవాహంగా పోదు, ఒక్కో సిలిండర్ తెరుచుకున్నప్పుడు తోపు, ఆ వెంటనే చిన్న పీల్పు. ఆ పీల్పు సమయంలో పగులు గుండా బయటి గాలి లోపలికి పోతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఆ గాలిని చూసి మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని అనుకుంటుంది, కంప్యూటర్ పెట్రోల్ పెంచుతుంది. అంటే ఇంజన్‌కి నిజంగా అవసరం లేని పెట్రోల్ రోజూ పోతూ ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, మైలేజీ ఎందుకు పడిపోయిందో తెలియక ఇంజెక్టర్లు కడిగిస్తారు, సెన్సర్ మారుస్తారు. భారత్‌లో బీఎస్-4 అనే కాలుష్య ప్రమాణం హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో 2010లో మొదలై, దేశమంతటికీ 2017 ఏప్రిల్‌లో వచ్చింది. ఈ తరం పెట్రోల్ కార్లకి చవకైన బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె, చూడొచ్చు. ఐడ్లింగ్‌లో ట్రిమ్ బాగా ప్లస్ వైపు ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర మామూలు స్థితికి దగ్గరపడితే సెన్సర్‌కి ముందు గాలి కలుస్తోందని అనుమానించొచ్చు. మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని చెప్పే పి0171 అనే కోడ్ కూడా రావొచ్చు. అయితే ఇన్‌టేక్ వైపు గాలి లీకైనా దాదాపు ఇవే అంకెలు కనిపిస్తాయి, కాబట్టి స్కానర్ చెప్పింది విని నేరుగా మానిఫోల్డ్ ప్యాకింగ్ ఆర్డర్ పెట్టకూడదు. పాత అంబాసడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌లాంటి వాటిలో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ హెడ్‌కి ఒకే వైపు ఉంటాయి. అక్కడ ఎగ్జాస్ట్ చప్పుడూ, నిలకడలేని ఐడ్లింగూ రెండూ కలిసి కనపడితే ఒకే రిపేరుగా చూడటం సబబు.

టర్బో డీజిల్ బండ్లలో చప్పుడు కంటే ముందు పికప్ పోతుంది. టర్బో ఎగ్జాస్ట్ గ్యాస్ బలంతో తిరిగి ఇంజన్‌కి గాలి తోస్తుంది. దానికి చేరాల్సిన గ్యాస్ ముందే బయటికి పోతే టర్బో తిరగాల్సినంత తిరగదు, గాలి తగ్గుతుంది, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు నల్లపొగ. ఈ లక్షణాలు చూసి టర్బోనే మార్చేయడం అన్యాయమైన ఖర్చు. మానిఫోల్డ్‌కీ టర్బోకీ మధ్య ఉండే ప్యాకింగ్ దగ్గర మసి ఉందేమో ముందు చూడాలి.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాల్సింది ఇంకొకటుంది, డబ్బు కంటే పెద్దది. మారుతి ఓమ్నీ 1984 నుంచి 2019 దాకా తయారైంది, దాని ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. టాటా ఏస్‌లో కూడా ఇంజన్ సీటు కిందే. స్కూలు పిల్లల్ని తిప్పే వ్యాన్లుగా, ఊళ్లలో అద్దె బండ్లుగా ఇప్పటికీ ఎన్నో ఓమ్నీలు తిరుగుతున్నాయి. సీటు కింది కవర్ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ ఎండిపోయి ఊడిపోయిన బండిలో మానిఫోల్డ్ లీకైతే ఆ గ్యాస్ నేరుగా మనుషులు కూర్చున్న చోటికి వస్తుంది. మామూలు కార్లలోనూ ముందు అద్దం కింది జాలీ గుండా ఏసీ బ్లోయర్ బయటి గాలిని పీల్చేటప్పుడు బానెట్ లోపలి గ్యాస్ కలిసే వీలుంది. ఈ లీకు క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందు జరిగేది, అంటే శుద్ధి కాని గ్యాస్. పాత కార్బురేటర్ పెట్రోల్ కార్లకి పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం వరకు అనుమతించేవాళ్లు, అది 30,000 పీపీఎం. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1,200 పీపీఎంనే ప్రాణానికి తక్షణ ప్రమాదమైన స్థాయిగా లెక్కిస్తుంది. ఈ వాయువుకి రంగూ లేదు, వాసనా లేదు, రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. బండెక్కిన అరగంటకి తలనొప్పి, కడుపులో తిప్పడం, పిల్లలు మత్తుగా వాలిపోవడం, దిగాక కాసేపటికి తేరుకోవడం, ఇది ఒకరికి కాదు బండిలో ఉన్న అందరికీ జరుగుతుంటే ఎండ మీదో, టిఫిన్ మీదో నెట్టకుండా ఆ బండిని నిలిపేయాలి. రిపేరు అయ్యేదాకా అద్దాలు దించుకుని తిరుగుదాంలే అనుకోవడం ఓమ్నీ విషయంలో పనికిరాదు. ఆపి ఉంచిన బండిలో ఏసీ వేసుకుని నిద్రపోవడం ఏ పాత బండిలోనూ పనికిరాదు. ఇళ్లలో వాడే బ్యాటరీ కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి సీటు దగ్గర పెట్టి తిప్పి చూడొచ్చు, మోగితే లీకు లోపలికి వస్తోందని తెలిసిపోతుంది. అది మోగలేదు కాబట్టి లీకే లేదని మాత్రం అనుకోకూడదు.

రుజువు దొరికింది, విప్పక తప్పదు అనుకుందాం. రెండు మూడు రోజుల ముందునుంచే స్టడ్లకి తుప్పు వదిలించే ఆయిల్ కొడుతూ ఉండాలి. నట్టు కదలకపోతే ఊడే వైపు ఊరికే బలం పెట్టకుండా మొదట ఓ పిసరు బిగించే వైపు కదిపి, మళ్లీ వెనక్కి తిప్పాలి, అవసరమైతే నట్టుని మాత్రం వేడి చేయాలి. పాత ప్యాకింగ్‌లో ఆస్‌బెస్టాస్ (దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే పీచు) ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా ఉండగా వైర్ బ్రష్‌తో రుద్దడం, గాలి గన్‌తో ఊదడం చేయకూడదు, తడిపి గీకి తీయాలి.

మానిఫోల్డ్ చేతికొచ్చాక అది వంగిందా, పగిలిందా అన్నది వేర్వేరుగా తేల్చాలి. వంకర కోసం సరళమైన స్టీలు స్కేలు ఫ్లాంజ్‌ల మీద నిలబెట్టి సందులోకి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) పెట్టి చూడాలి. సుజుకి ఇంజన్ల మాన్యువళ్లలో ఈ ముఖాలకి పరిమితి 0.10 మిల్లీమీటర్లు. హెడ్ వైపు ముఖం కూడా కొలవాలి, చాలామంది దాన్ని వదిలేస్తారు. పగులు కోసం రంగు వేసే డై పెనెట్రెంట్ స్ప్రేలు దొరుకుతాయి, లేకపోతే పాత లేత్ షాపుల్లో చేసే కిరోసిన్, సుద్ద పద్ధతి చక్కగా పనిచేస్తుంది. మసి అంతా శుభ్రం చేసి, అనుమానమున్న చోట కిరోసిన్ పూసి కాసేపు వదిలేసి, పైపైన పొడిగా తుడిచేసి, సుద్దపొడి పూస్తే పగులులోకి దిగిన కిరోసిన్ మెల్లగా పైకి ఊరి తెల్లటి పొడి మీద తడి గీతలా కనపడుతుంది. ఇంకా తేలికైంది తట్టి చూడటం. సంతలో కుండ కొనేవాళ్లు వేలితో తట్టి చూసినట్టే, మానిఫోల్డ్‌ని తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తడితే మంచి పోత ఖంగుమంటుంది, పగిలింది మొద్దుగా పలుకుతుంది. స్క్రాప్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ మానిఫోల్డ్ కొనేటప్పుడు ఈ తట్టుడు, స్కేలు పరీక్ష రెండూ అక్కడే చేయాలి, బేరం ఆ తర్వాత.

ప్యాకింగ్ మాత్రమే పోయి ముఖాలు సరిగ్గా ఉంటే పని తేలికే. వంగి ఉంటే లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి, అంటే ముఖాన్ని సమంగా చెక్కించాలి, అన్ని పోర్టుల ముఖాలూ ఒకే సెట్టింగ్‌లో. పగిలితే దొరికినంతవరకు వేరే మానిఫోల్డ్ వేయడమే మంచిది. వెల్డింగ్ చేయించక తప్పదంటే అది మామూలు రాడ్‌తో పది నిమిషాల్లో అయ్యే పని కాదు. పోత ఇనుములో కార్బన్ 3 శాతంపైనే, వెల్డింగ్ పక్కన లోహం గబుక్కున చల్లారితే గట్టిగా, పెళుసుగా మారి రెండో వారంలోనే ఆ కుట్టు పక్కన కొత్త పగులు వస్తుంది. పగులు కొసల్లో చిన్న రంధ్రం వేసి, ముక్కంతా ముందు వేడి చేసి, నికెల్ రాడ్‌తో రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున కుట్టి, ప్రతి కుట్టునీ మెల్లగా సుత్తితో తట్టి, చివరికి పొడి బూడిదలోనో సున్నంలోనో పూడ్చి రాత్రంతా చల్లారనివ్వాలి. ఆ తర్వాత ఫేసింగ్ తప్పనిసరి. ఇత్తడి రాడ్‌తో అతికించింది హైవే మీద తిరిగే పెట్రోల్ బండిలో నిలవదు, లోడ్‌లో ఆ గ్యాస్ వేడి 800 డిగ్రీలు దాటగలదు, ఆ వేడికి ఇత్తడి బలమంతా పోతుంది. ఎపాక్సీ ముద్ద, సిలికాన్ గమ్ పూయడం గురించి ఇంకా చెప్పేదేం లేదు, అవి అసలు ఈ వేడికి చేసినవి కావు.

బిగించేటప్పుడు పాత స్టడ్లు, నట్లు మళ్లీ వాడొద్దు. అన్నీ చేత్తో తిప్పి కూర్చోబెట్టాక మధ్యలోంచి మొదలుపెట్టి చివరలకి, రెండు మూడు విడతలుగా, బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాలి. 8 మిల్లీమీటర్ల స్టడ్లకి సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు, ఆ బండి మాన్యువల్ ఏం చెబితే అదే ఆఖరు. "ఇంకొంచెం గట్టిగా" అని బలం పెట్టడం అంటే మానిఫోల్డ్ జారే వీలుని మళ్లీ మూసేయడమే. మానిఫోల్డ్ బిగిశాకే సైలెన్సర్ పైపు, సపోర్ట్ బ్రాకెట్, వేలాడే రబ్బర్లు, పైపు ఎక్కడా లాగుతూ ఉండకుండా. తెగిన రబ్బరు, అరిగిన మౌంటింగ్ ఉంటే అదే రోజు మార్చాలి. హీట్ షీల్డ్ మాత్రం వెంటనే వేయకుండా, ఒకసారి బండి పూర్తిగా వేడెక్కి చల్లారనిచ్చి, నట్ల టార్క్ మళ్లీ చూసి, మొదట బుడగలు వచ్చిన ఆ సుద్ద గుర్తు దగ్గరే మళ్లీ సబ్బు నీళ్లు కొట్టి చూశాక వేయాలి.